కొండ కింద చమురు, కొండ మీద పొయ్యి



విశాఖపట్నంలో డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన లోవ గార్డెన్స్ అని ఒక చోటుంది. అక్కడ నేల అడుగున రాతిని తొలిచి పెద్ద పెద్ద గుహలు చేశారు. వాటిలో ముడిచమురు దాస్తారు. 2015లో వాడకంలోకి వచ్చిన ఈ నిల్వ కేంద్రంలో 13 లక్షల 30 వేల టన్నులు పడుతుంది. ఇనుప ట్యాంకులేమీ లేవు, గోడలన్నీ రాయే. రాతి పగుళ్లలోంచి చమురు ఇంకిపోదా అని ఎవరికైనా అనుమానం వస్తుంది. ఇంకిపోదు. చుట్టూ ఉన్న భూగర్భజలం గుహ వైపు నెడుతూ ఉంటుంది కాబట్టి పగుళ్లలోంచి నీళ్లు లోపలికి ఊరతాయి తప్ప చమురు బయటికి పోదు. ఆ ఒత్తిడి తగ్గకుండా పైనుంచి బోరు రంధ్రాల ద్వారా రాతిలోకి నీళ్లు ఎక్కిస్తూ ఉంటారు. లోపల చేరిన నీటిని తోడేస్తూ ఉంటారు. దేశం మొత్తానికి ఇలాంటి వ్యూహాత్మక నిల్వలు మూడు చోట్లే ఉన్నాయి. విశాఖ ఒకటి, కర్ణాటకలో మంగళూరు, పాదూరు మిగతా రెండు. మూడూ నిండుగా ఉంటే 53 లక్షల 30 వేల టన్నులు. వినడానికి పెద్ద లెక్కే. దేశం వాడకానికి మాత్రం తొమ్మిదిన్నర రోజులు. చమురు కంపెనీల దగ్గర ఉండే సరుకు కూడా కలిపితే రెండున్నర నెలల దాకా వస్తుంది. అంతర్జాతీయ ఇంధన సంస్థ తన సభ్యదేశాలను 90 రోజుల దిగుమతులకు సరిపడా ఉంచుకోమంటుంది.

ఈ రోజులు లెక్కపెట్టుకోవలసిన అవసరం ఎందుకొచ్చిందంటే, మనం వాడే ముడిచమురులో నూటికి 88 పాళ్లు విదేశాల నుంచే రావాలి. 2015 మార్చిలో ప్రధానమంత్రి ఒక లక్ష్యం ప్రకటించారు. అప్పటికి దిగుమతుల వాటా 77 శాతం, దాన్ని 2022 నాటికి పది శాతం తగ్గిద్దామన్నారు. తగ్గలేదు సరికదా, ఇప్పటికి పదకొండు పెరిగింది. పాత బావులు ఎండుతున్నాయి, బళ్లు పెరుగుతున్నాయి. మన కృష్ణా గోదావరి బేసిన్‌లో 2002లో గ్యాసు బయటపడ్డప్పుడు ఇక మనకు ఢోకా లేదనుకున్నాం. 2009లో ఉత్పత్తి మొదలైంది, ఏడాది రెండేళ్లు ఉవ్వెత్తున లేచింది, ఆ తర్వాత పడిపోయింది. ఆ గ్యాసును నమ్ముకుని గోదావరి జిల్లాల్లో కట్టిన కరెంటు కేంద్రాలు ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉన్నాయి. సొంత ఇంట్లో నిధి దొరికిందని సంబరపడి అప్పు చేస్తే ఎలా ఉంటుందో బ్యాంకులకు అప్పుడు తెలిసింది.

ఇదంతా ఢిల్లీ, ముంబై, విశాఖల సంగతి. నేను మాట్లాడదలచుకున్నది పెదబయలు గురించి. అల్లూరి సీతారామరాజు జిల్లా, పాడేరు దాటి ముంచంగిపుట్టు వెళ్లే దారిలో ఉన్న మండలం. తారాబు జలపాతం చూడ్డానికి ఈ మధ్య జనం వస్తున్నారు గానీ, అంతకు ముందు ఈ పేరు బయట పెద్దగా వినపడేది కాదు. ఇంధన భద్రత అనే మాట వినగానే మనకు ఓడలు, పైపులైన్లు, యుద్ధాలు గుర్తొస్తాయి. కానీ దాని అసలు పరీక్ష ఓడరేవులో కాదు, ఇలాంటి మండలంలో కొండెక్కిన ఇంట్లో జరుగుతుందని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

ఒకప్పుడు ఈ కొండల్లో పొయ్యికి విదేశాలతో ఏ సంబంధమూ లేదు. గిరిజన సహకార సంస్థ (జీసీసీ) డిపోలో ఇచ్చే కిరసనాయిలు ఒక్కటే బయటి సరుకు. అది దీపానికి. మిగతాదంతా అడవి. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో గ్యాసు కనెక్షన్లిచ్చే దీపం పథకం వచ్చింది. 2016లో కేంద్రం ఉజ్వల తెచ్చింది. 2024 నవంబరు నుంచి దీపం-2 కింద ఏడాదికి మూడు గ్యాసు బండలు ఉచితం అంటున్నారు. కనెక్షన్లు వచ్చాయి, మంచిదే. దాంతోపాటు ఇంకోటి కూడా వచ్చింది. మనం వాడే వంటగ్యాసులో నూటికి అరవై పాళ్లు దిగుమతే. అందులో అత్యధిక భాగం ఖతర్, ఎమిరేట్స్, సౌదీ, కువైట్ల నుంచి హోర్ముజ్ జలసంధి దాటి రావాలి. అంటే ఈ మండలంలోని జామిగూడలోనో గిన్నెలకోటలోనో ఒక ఇల్లాలు అంటించే పొయ్యి ఇప్పుడు ఇరాన్ పక్కనున్న ఆ సన్నని సముద్రపు దారి మీద ఆధారపడింది. 2025 జూన్‌లో ఇరాన్‌కూ ఇజ్రాయెల్‌కూ యుద్ధం జరిగినప్పుడు జలసంధి మూసేయాలని ఇరాన్ పార్లమెంటు తీర్మానించింది. అప్పుడు మూయలేదు, మన అదృష్టం. ఆ ఏడాది నవంబరులోనే మన కంపెనీలు అమెరికా నుంచి ఏడాదికి 22 లక్షల టన్నుల గ్యాసు కొనేందుకు ఒప్పందం చేసుకున్నాయి. అది మన దిగుమతుల్లో పదో వంతు. ఒకే దారి మీద ఆధారపడకుండా చూసుకోవడం తెలివైన పనే, కానీ అది కూడా ఓడ మీద రావలసిందే, డాలర్లలో కట్టవలసిందే.

ముడిచమురుకు గుహలున్నాయి కదా, మరి గ్యాసుకో? విశాఖలోనే వంటగ్యాసుకు కూడా ఒక రాతిగుహ ఉంది. 60 వేల టన్నులు పడుతుంది. దేశం ఏడాదికి మూడు కోట్ల పది లక్షల టన్నులకు పైగా వంటగ్యాసు వాడుతోంది. భాగించి చూసుకోండి, రోజుకు 85 వేల టన్నులు. అంత పెద్ద గుహ దేశానికి ఒక రోజుకు కూడా చాలదు. బళ్లకు తొమ్మిదిన్నర రోజుల జాగ్రత్త, పొయ్యిలకు ఈ గుహతో ఒక రోజు కూడా నిండని జాగ్రత్త. ముప్పై మూడు కోట్ల కనెక్షన్లు ఇచ్చిన దేశం ఈ విషయం ముందే ఎందుకు ఆలోచించలేదా అని నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. 2025లో మంగళూరులో 80 వేల టన్నుల గుహ ఇంకొకటి తెరిచారు. ఇంకా చాలా కావాలి.

అయితే పెదబయలులో ఇబ్బంది హోర్ముజ్ దాకా పోనక్కర్లేదు, ఘాట్ రోడ్డు దగ్గరే మొదలవుతుంది. బండ మండల కేంద్రం దాకా వస్తుంది. అక్కడినుంచి ఊరికి జీపు ఉన్న రోజున జీపులో, లేని రోజున భుజం మీద. గ్యాసు 14 కిలోల 200 గ్రాములే గానీ ఇనుముతో కలిపి ముప్పై కిలోల దాకా తూగుతుంది. దీపం-2లో ముందు డబ్బు కట్టాలి, తర్వాత ఖాతాలో పడుతుంది అన్నారు. పసుపు అమ్మినప్పుడో కాఫీ అమ్మినప్పుడో తప్ప చేతిలో డబ్బు ఆడని ఇంటికి ఆ ముందు కట్టడమే కష్టం. దేశం మొత్తం మీద ఉజ్వల కుటుంబాలు ఏడాదికి సగటున నాలుగైదు బండలే వాడుతున్నాయి. కొండ మీద ఇంకెంత తక్కువో ఊహించుకోవచ్చు.

ఒక ఇంటి వంటగది సంగతి చెబుతాను. మూలన గ్యాసు పొయ్యి ఉంది, దాని మీద పాత చీర ముక్క కప్పి ఉంది. మధ్యలో మూడు రాళ్ల పొయ్యి, దాని మీద చోడి అంబలి. పొయ్యికి నిలువుగా పైన, వాసాలకు మొక్కజొన్న కంకులు వేలాడుతున్నాయి. వచ్చే ఏటికి విత్తనం అవి. పొగ తగిలితే పురుగు పట్టదు. చుట్టం వస్తే టీ గ్యాసు మీద, ఇంటివాళ్ల అన్నం కట్టెల మీద. డిసెంబరు, జనవరి నెలల్లో ఈ కొండల్లో అయిదు డిగ్రీల లోపుకు పడిపోయే రాత్రులుంటాయి. అప్పుడు ఆ పొయ్యే ఇంటిల్లిపాదికీ చలిమంట. పసుపు తవ్విన రోజుల్లో కళాయిల్లో కొమ్ములు ఉడకబెట్టడానికి మోపులకు మోపులు కట్టెలు కాలతాయి. ఒక్క మంటతో నాలుగు పనులు. మనం ఇచ్చిన బండ అందులో ఒక్క పనే చేస్తుంది. ఆదివాసులకు గ్యాసు వాడే అలవాటు లేదని మైదానం నుంచి వచ్చిన అధికారులు విసుక్కోవడం నేను విన్నాను. అలవాటు కాదు, లెక్క. వాళ్ల లెక్క వాళ్లకు బాగా తెలుసు.

పొగను మాత్రం నేను వెనకేసుకు రాను. ఆ మూడు రాళ్ల పొయ్యి ముందు కూర్చుని ముప్పై ఏళ్లు ఊదిన ఆడమనిషి కళ్లు, దగ్గు చూసినవాళ్లెవరూ కట్టెలపొయ్యిని పొగడరు. పైగా కట్టెల కోసం పోయే దూరం పెరుగుతూనే ఉంది. పొగ లేని వంట కావాలి. అది గల్ఫ్ నుంచే రావాలా అన్నదే నా ప్రశ్న.

ఎందుకంటే ఈ మండలం పక్కనే కరెంటు పుడుతోంది. పాడేరు, హుకుంపేట, పెదబయలు మీదుగా పారే మత్స్యగెడ్డ ముంచంగిపుట్టు దాటి ఒడిశా సరిహద్దులో మాచ్‌ఖండ్ నదిగా సాగుతుంది. మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వాలు 1940లలో ఒప్పందం చేసుకుని జోలాపుట్ దగ్గర ఆనకట్ట కట్టాయి, దిగువన డుడుమ జలపాతం దగ్గర నీళ్లు మళ్లించి ఒనకఢిల్లీలో కరెంటు తీశాయి. 1955లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. స్థాపిత సామర్థ్యం దాదాపు 120 మెగావాట్లు. ఇవాళ లెక్కలో చిన్నదే. కానీ ఆ రోజుల్లో విశాఖపట్నం వెలిగిందంటే, ఉత్తరాంధ్ర మిల్లులు తిరిగాయంటే ఈ కొండనీళ్ల పుణ్యమే. మొదట ఆంధ్రకు 70, ఒరిస్సాకు 30 పాళ్లు. ఇప్పుడు సగం సగం. ఆ వాటాల మీద రెండు రాష్ట్రాల ఇంజినీర్లు, మంత్రులు దశాబ్దాల తరబడి వాదించుకున్నారు. మునిగిన ఊళ్ల వాటా ఎంత అని మాత్రం ఆ వాదనల్లో ఎక్కడా రాలేదు. దాదాపు మూడు వేల కుటుంబాలు నిర్వాసితులయ్యాయని పరిశోధకుల లెక్క, అందులో సగం ఆదివాసులే. పునరావాసం దొరికింది కొద్దిమందికే. జలాశయం నిండితే నీటిమట్టం 2750 అడుగులు. దాని వెనకనీళ్లు పెదబయలు, ముంచంగిపుట్టు మండలాల్లోకి చొచ్చుకొచ్చి ఊరికీ ఊరికీ మధ్య అడ్డం పడ్డాయి. ఇప్పటికీ గెడ్డ అవతలి వాళ్లు సంతకు రావాలన్నా ఆసుపత్రికి రావాలన్నా నాటు పడవే.

ఆ నీళ్లే దిగువకు పోయి సీలేరు అవుతాయి. ముందు బలిమెల జలాశయం, తర్వాత ఎగువ సీలేరు 240 మెగావాట్లు, డొంకరాయి 25, దిగువ సీలేరు 460. ఒకే నదిని ఇన్నిసార్లు పనిలో పెట్టుకున్న చోట్లు మన రాష్ట్రంలో ఎక్కువ లేవు. బొగ్గు అక్కర్లేదు, ఓడ అక్కర్లేదు, డాలరు అక్కర్లేదు. నిజమైన స్వదేశీ ఇంధనం ఇదే. కానీ పైన తీగలు పోతుంటే కింద బుడ్డి దీపాలతో బతికిన ఊళ్లు ఈ కొండల్లో కోకొల్లలు. దేశంలో ప్రతి గ్రామానికీ కరెంటు చేరిందని 2018 ఏప్రిల్‌లో ప్రకటించారు. రెవెన్యూ గ్రామం లెక్కలో అది సరే. కొండ మీద ఊరంటే శిఖరానికొకటి, వాలుకొకటిగా విడివిడిగా ఉండే పది ఇరవై గడపలు. అనంతగిరి మండలంలో గూడెం అనే ఊరికి, పదిహేడు కుటుంబాల ఊరికి, 2025లో గానీ కరెంటు రాలేదు.

వచ్చిన చోట కూడా ఉండాలి కదా. ఈదురుగాలికి కొమ్మ విరిగి లైను మీద పడితే, ఎక్కడ పడిందో వెతుక్కుంటూ లైన్‌మ్యాన్ అడవిలో నడవాలి. అది ఒక పూట కావచ్చు, మూడు రోజులు కావచ్చు. పెదబయలులో బొంగరం వైపో ఇంజరి వైపో వానాకాలంలో మూడు రోజుల చీకటిని ఎవరూ వార్త అనుకోరు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పనివ్వండి. ఒక గ్యాసు బండ చేసే వంటంతా కరెంటు పొయ్యి మీద చేయాలంటే నూట పాతిక, నూట ముప్ఫై యూనిట్లు అవుతాయి. మన రాష్ట్రంలో ఎస్టీ కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల దాకా కరెంటు ఉచితం. రెండు బల్బులు, ఒక ఫ్యాను, ఒక ఫోను ఛార్జింగు ఉన్న ఇంట్లో అందులో చాలా భాగం మిగిలిపోతుంది. అంటే ఇప్పటికే ఇచ్చిన హక్కుతోనే ఒక కుటుంబం నెలవంట చేసుకోవచ్చు. బండ మోయనక్కర్లేదు, ముందు డబ్బు కట్టనక్కర్లేదు, హోర్ముజ్ మూసినా అంబలి ఉడుకుతుంది. కావలసింది నమ్మకంగా ఉండే కరెంటు. తొడుగున్న తీగలు వేయడం, స్తంభాల దారి శుభ్రంగా ఉంచడం, ఊరి లైను తెగినప్పుడు వంట ఆగకుండా చిన్న సౌర పలకలు, బ్యాటరీ. ఇవన్నీ తెలిసిన పనులే, కొత్తగా కనిపెట్టవలసిందేమీ లేదు. ఇండక్షన్ పొయ్యి మీద ఈ కొండ ఇళ్లలో ఉన్న సత్తు గిన్నెలు, మట్టికుండలు పనిచేయవు. అడుగు బల్లపరుపుగా ఉన్న ఇనుప, స్టీలు గిన్నెలే కావాలి. పొయ్యి ఇచ్చి గిన్నెలు ఇవ్వకపోతే దాని మీదా ఒక చీర ముక్క కప్పేస్తారు. విత్తనం కంకికి పొగ, చలికి మంట ఎలాగూ కొంత మిగులుతాయి. మిగలనివ్వండి. రోజుకు రెండు పూటల వంట పొగ తప్పితే అదే పదివేలు.

ఇప్పుడు ఈ కొండల మీదకు ఇంకో పెద్ద ఆలోచన వచ్చింది. 2025 మధ్యకల్లా దేశంలో కరెంటు స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాసు కాని వాటిదే అయింది. సామర్థ్యం సగమే గానీ, నిజంగా తయారయ్యే కరెంటులో నూటికి డెబ్బై పైచిలుకు ఇంకా బొగ్గుదే. కారణం, ఎండ పగలే ఉంటుంది, దీపాలు రాత్రే వెలగాలి. పగటి కరెంటును దాచడానికి లిథియం బ్యాటరీలు పెడితే వాటి ముడిసరుకు మళ్లీ విదేశాల నుంచే, ఎక్కువగా చైనా నుంచే. గల్ఫ్ బదులు చైనా అన్నమాట. దానికి స్వదేశీ మార్గం పంప్‌డ్ స్టోరేజీ. కొండ మీద ఒక జలాశయం, కింద ఒక జలాశయం. పగలు మిగులు కరెంటుతో నీళ్లు పైకి తోడతారు, సాయంత్రం వాటినే కిందికి వదిలి కరెంటు తీస్తారు. పెట్టిన దాంట్లో నాలుగింట మూడొంతుల పైన తిరిగి వస్తుంది. ఎత్తయిన కొండలు, నీళ్లు రెండూ ఉన్న చోటు కావాలి. అందుకే అందరి చూపూ తూర్పు కనుమల మీద పడింది.

దేశానికి ఇది అవసరమని నేను ఒప్పుకుంటాను. ఎక్కడ కడతారన్నదే తగవు. సీలేరు దగ్గర జెన్‌కో తలపెట్టిన 1350 మెగావాట్ల ప్రాజెక్టుకు పైన గుంటవాడ జలాశయం, కింద డొంకరాయి జలాశయం, రెండూ ఎప్పుడో కట్టినవే. కొత్తగా ఊరు ముంచే పని తక్కువ. ముందు ఇలాంటివి పూర్తి చేయడానికి ఎవరికీ పెద్దగా అభ్యంతరం ఉండకూడదు. పెదకోట, గుజ్జిలి, చిట్టంవలస లాంటి చోట్ల ప్రైవేటు సంస్థలకు ఇస్తున్న కొత్త ప్రాజెక్టుల సంగతి వేరు. అక్కడి ఆదివాసులు ఊళ్లలోంచి, పొలాల్లోంచి నడిచివచ్చి వద్దంటున్నారు. ఇది రాజ్యాంగంలోని అయిదో షెడ్యూలు కిందికొచ్చే ఆదివాసీ ప్రాంతం. గిరిజన ప్రాంతపు భూములు ఇతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం ఉంది, గ్రామసభలకు అధికారమిచ్చే 1996 నాటి పెసా చట్టం ఉంది, ఆదివాసీ భూమిని ప్రైవేటు కంపెనీల గనులకు లీజుకివ్వడం చెల్లదన్న 1997 నాటి సమతా తీర్పు ఉంది. గ్రామసభ పెట్టి, వాళ్ల భాషలో చెప్పి, కాదంటే కాదనే స్వేచ్ఛ వాళ్లకుండాలి. సంతకాలు ముందే సేకరించి సభ తర్వాత పెట్టడం గ్రామసభ కాదు. ఒక్క మాచ్‌ఖండ్ అనుభవం చాలు ఈ కొండలకు, మళ్లీ దేశం కోసం అనే మాట వినగానే అనుమానపడటానికి.

ఒప్పుకున్న చోట ఏమివ్వాలన్నది కూడా మన విధానాల్లో లేకపోలేదు. 2008 నాటి జాతీయ జలవిద్యుత్ విధానంలో ఒక నియమం ఉంది. ప్రాజెక్టు కింద నష్టపోయిన ప్రతి కుటుంబానికీ నెలకు 100 యూనిట్ల కరెంటు లెక్కన పదేళ్ల పాటు ఇవ్వాలని, స్థానికాభివృద్ధికి ఒక శాతం కరెంటు కేటాయించాలని. మాచ్‌ఖండ్ కట్టినప్పుడు ఈ మాత్రం కూడా లేదు కాబట్టి ఇది మెరుగే. అయినా పదేళ్లే ఎందుకో నాకు అర్థం కాదు. జోలాపుట్ నీళ్లు డెబ్బై ఏళ్లుగా అక్కడే ఉన్నాయి. మునిగిన పొలం పదకొండో ఏట పైకి తేలదు. నీళ్లు నిలిచి ఉన్నన్నాళ్లూ ఆ ఒడ్డున ఉన్న ఇంటికి కరెంటు నిలిచి ఉండాలి, అదీ అక్కడి టర్బైను నుంచి పోయే మొదటి తీగ మీద. కొత్త ప్రాజెక్టుల ఒప్పందాలు రాస్తున్నవాళ్లు ఆ పదేళ్లు అన్న మాట కొట్టేసి రాయవచ్చు. మాచ్‌ఖండ్ వాటా సగం సగం చేసుకున్న రెండు ప్రభుత్వాలూ ఆ పాత నిర్వాసితుల పేర్ల జాబితా మళ్లీ బయటికి తీయవచ్చు. రెండింటికీ విదేశీ మారకద్రవ్యం ఒక్క డాలరు కూడా ఖర్చు కాదు.